కన్నం కాపలా

యుద్ధం మొదలైన తొమ్మిదో రోజు పొద్దున దానయ్య ఓడలు బాగుచేసే డాక్‌లోకి వచ్చేసరికి ఓడ మీద చెక్కలు పీకేస్తున్నారు. ఇద్దరు మనుషులు తీగలు తెంపుతున్నారు, మూడోవాడు ఒక్కో చెక్కనూ కిందనున్న తుక్కు బండిలోకి విసురుతున్నాడు. చెక్క పడ్డప్పుడల్లా మెట్ల మీద నిలబడ్డ శ్రీకాకుళం మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

ఆ చెక్కల సంగతి ఓడ కడుపులోకి దిగనివాళ్ళకు తెలియదు, చెప్పాలి. పెద్ద ఓడల అడుగున ట్యాంకులుంటాయి. చీకటి గదులు. భుజాలు ముడుచుకుంటే తప్ప మనిషి పట్టని కన్నంలోంచి వాటిలోకి దిగి వెల్డింగ్ చేయాలి, రంగు వేయాలి. పైనుంచి కరెంటుతో తిరిగే గాలిమర గొట్టం ద్వారా గాలి తోస్తూ ఉండాలి. అది ఆగితే పావుగంటలో తల తిరుగుతుంది, అరగంటలో మనిషి ఉండడు. అందుకని దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కన్నం పక్కనున్న చెక్క మేకుకు తగిలించి దిగుతాడు, పైకొచ్చాక తీసుకుంటాడు. ఆ చెక్క దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు. వాడు వెల్డింగ్ చేయడు, బరువు మోయడు. గాలిమర చూస్తాడు, సుత్తితో ఇనుము మీద కొడతాడు, లోపలనుంచి జవాబు దెబ్బలు వింటాడు. కంపెనీ కాగితాల్లో వాడికేదో గొప్ప పేరుంది గానీ మనవాళ్ళు ఆ పనిని కన్నం కాపలా అంటారు. ఊరికే నిలబడటం కూడా పనేనా అని అడిగే యజమాని ఏ దేశంలోనైనా ఉంటాడు, సింగపూర్ దానికి మినహాయింపేం కాదు.

రమణ ముందుకొచ్చి సూపరింటెండెంట్‌ని అడిగాడు. రమణ మందస కుర్రాడు, వెల్డర్, ఎవరికీ జడిసే రకం కాదు. సూపరింటెండెంట్ జనార్దనరావు మన తెలుగాయనే, ఏలూరు వైపు మనిషి. సొంత భాషవాడు పైన ఉంటే మేలని మొదట్లో అందరూ సంబరపడ్డారు, ఆ సంబరం నెల తిరక్కుండానే తీరిపోయింది.

"సెక్క తీసీస్తే లోపలెవులున్నారో ఎలగ తెలస్తాది సార్?" అన్నాడు రమణ.

"కంప్యూటర్‌కి తెలుస్తుందయ్యా. కార్డు గీకి దిగండి, గీకి ఎక్కండి. కాపలా అంటూ చేతులు కట్టుకుని నిలబడ్డ పద్దెనిమిది మందీ ఇవాళ్టినుంచి పనిలోకి. యుద్ధం జరుగుతోంది ఇక్కడ, పెళ్ళి కాదు."

ఆ పద్దెనిమిది మందిలో దానయ్య ఒకడు. సుత్తి అప్పగించి, ఆరో నంబరు ట్యాంకు దగ్గర గొట్టాలు మోసే పనిలోకి వెళ్ళిపోయాడు. ఒక్క మాటా అనలేదు. అనకపోవడం అతనికి నాలుగేళ్ళుగా అలవాటైంది.

ఆ నాలుగేళ్ళ కిందటిదే చిన్న యుద్ధం. మీ చరిత్ర పుస్తకాల్లో వెతక్కండి, దొరకదు. ఇది ఆ యుద్ధం జరిగిన లోకం కథ. ఆ లోకంలో తొంభై ఆరులో జలసంధి నాదంటే నాదని రెండు పెద్ద దేశాల ఓడలు ఆరు రోజులు ఎదురెదురుగా నిలబడ్డాయి. సింగపూర్‌లో రోజుకు రెండుసార్లు సైరన్ మోగింది. ఒక్క బాంబూ పడలేదు. ఏడో రోజు పెద్దమనుషులు సంతకాలు చేసుకుని, చేతులు కలుపుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయారు. యుద్ధమంటే ఇంతేనా అనుకున్నాయి ప్రభుత్వాలు. ఎవడి ఓడలు ముందు బాగుపడి నీళ్ళలోకి దిగితే వాడిదే గెలుపని అనుకున్నాయి. ఆ ధీమాతోనే రెండువేలలో పెద్ద యుద్ధానికి ఎగేసుకుని దిగాయి. దిగాక తెలిసింది, ఈసారి బాంబులు నిజంగానే పడతాయని.

చిన్న యుద్ధంలో ఎవరూ చావలేదని అందరూ అంటారు. అది అబద్ధం. మూడో రోజు సైరన్‌లో ఇదే డాక్‌లో, ఒక ట్యాంకులో, అయిదుగురు ఊపిరాడక చచ్చిపోయారు. కరెంటు తీసేశారు, గాలిమర ఆగింది, పైన కన్నం కాపలా లేదు. ఆ అయిదుగురిలో బాలు ఒకడు. బాలు దానయ్య భార్య ఈరమ్మకు తమ్ముడు, రమణకు చిన్ననాటి స్నేహితుడు. ఆ కన్నం దగ్గర కాపలా ఉండాల్సినవాడు దానయ్యే. సైరన్ మోగగానే భయపడి పారిపోయాడని అందరికీ తెలుసు. సైరన్ మోగితే ఎవడు మాత్రం పరిగెత్తడు అని అందరూ సర్దుకుపోయారు. రమణ కూడా సర్దుకుపోయాడు, అప్పట్నుంచీ అతన్ని బాలు పిలిచినట్టే బావా అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా దానయ్య ప్రాణం చచ్చిపోయేది. ఎందుకో రమణకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ కాంటీన్‌లో కంప్యూటర్ గురించి చెప్పడానికి ఒకమ్మాయి వచ్చింది. పేరు ప్రణవి, గుంటూరు అమ్మాయి. జురాంగ్ ఈస్ట్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఇల్లు యూ టీ అనే పేటలో. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న గోల రోజుల్లో వచ్చినవాళ్ళలో ఆమె ఒకతె. ఆ గోల చల్లారాక ఆమె కంపెనీకి ఈ డాక్ పని దొరికింది. అమ్మాయి మంచిదే. పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్న రెండొందల మందికి కార్డు ఎలా గీకాలో తెలుగులో ఓపిగ్గా చెప్పింది, పక్కనే ఒక తమిళ మేస్త్రీ అరవంలో చెప్పాడు, బంగ్లాదేశ్ వాళ్ళకు రఫీక్ అనే పెయింటర్ చెప్పాడు.

సైరన్ మోగితే కార్డు గీకక్కర్లేదంది ప్రణవి. తోపులాట జరగకూడదని అలా పెట్టామంది. రెండు నిమిషాలు కాగానే లోపలున్నవాళ్ళందరూ బయటికి వచ్చేసినట్టు సిస్టమ్ తనే రాసుకుంటుంది, తెర మీద సున్నా పడుతుంది, ఆ సున్నా చూసి అగ్నిమాపకం వాళ్ళు మంటలు లోపలికి పోకుండా కన్నాలకు మూతలు బిగిస్తారు.

దానయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "రెండు నిమిషాలని ఎవులు సెప్పినారమ్మా?"

"పాత రిపోర్ట్‌లో ఉంది అంకుల్. నైంటీ సిక్స్‌లో సైరన్ మోగిన రెండు నిమిషాలకి చెక్కలన్నీ ఖాళీ, ఒక్క బిళ్ళ కూడా లేదు. అంటే అందరూ బయటికొచ్చినట్టే కదా. ఆ చనిపోయిన ఫైవ్ మెంబర్స్ బిళ్ళ పెట్టకుండా దిగారట. ఆ డేటా మీదే మేం టైమ్ సెట్ చేశాం."

దానయ్య పళ్ళెం అలాగే వదిలేసి చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ రిపోర్టులో రాసింది తన అబద్ధం. కాదు, అబద్ధం కూడా కాదు, తను చెప్పని నిజం.

ఆ రోజుల్లో బిళ్ళ పోగొట్టుకున్నవాణ్ణి గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. వారం ముందే టెక్కలి మనిషినొకణ్ణి అందుకే విమానం ఎక్కించారు. బిళ్ళ పోతే మనిషి పోయినట్టేనని మనవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. సైరన్ మోగింది. లోపలున్నవాళ్ళు వినే ఉంటారు, ఎక్కి వచ్చేస్తారు అనుకున్నాడు దానయ్య. బాంబు పడితే చెక్క ఎగిరిపోతుంది, బిళ్ళలు పోతాయి, రేపు వీళ్ళ గతేమిటి అనుకున్నాడు. అయిదు బిళ్ళలూ ఊడబెరికి చొక్కా జేబులో వేసుకుని పరిగెత్తాడు. మంచే చేస్తున్నాననుకున్నాడు, ఖర్మ. లోపల వెల్డింగ్ మోతలో ఎవరికీ సైరన్ వినబడలేదు. వెతకడానికి వచ్చినవాళ్ళు ఖాళీ చెక్క చూసి, లోపల ఎవరూ లేరని, కన్నానికి మూత బిగించి వెళ్ళిపోయారు. మర్నాడు దానయ్య ఆ బిళ్ళల్ని సముద్రంలో పారేశాడు. ఏ మనిషీ అతన్ని బిళ్ళల గురించి అడగలేదు.

ఆ సాయంత్రం బస్సుల కోసం నిలబడ్డ చోటే మీటింగ్ జరిగింది. చెక్కలు మళ్ళీ పెట్టేదాకా కన్నంలోకి దిగొద్దన్నాడు రమణ. వయసు మళ్ళిన సింహాద్రి ఒప్పుకోలేదు. మొన్నటి యుద్ధం ఆరు రోజుల్లో పోలేదా, ఇదీ పోతుంది, ఈలోగా మనం గొడవ చేస్తే మనల్ని పంపించేసి ఇంకొకళ్ళను దించుతారు, విమానాలు లేక మధ్యలో ఎక్కడ పారేస్తారో కూడా తెలియదు అన్నాడు. తమిళులు తమలో తాము మాట్లాడుకున్నారు. రఫీక్ తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో, కాపలా లేకుండా దిగేది లేదని మా వాళ్ళు కూడా అంటున్నారు గానీ ముందెవరు ఆగుతారని అడిగాడు. అందరూ దానయ్య వైపు చూశారు. పదేళ్ళు కన్నం కాపలా చేసినవాడు, వాడి మాటకు బరువుంటుంది.

నోరు తెరవాలనే అనుకున్నాడు దానయ్య. రమణ మొహం చూశాడు. ఈ మాట మందసకు చేరుతుంది, అక్కడినుంచి ఈరమ్మకు చేరుతుంది. నా తమ్ముణ్ణి మింగినవాడికి సెలవుకొచ్చినప్పుడల్లా వండి పెట్టానా అనుకుంటుంది, ఇంక ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళడం. బస్సు వచ్చింది. ఆలోచిద్దాంరా అని ఎక్కి కూర్చున్నాడు. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక బస్సు టైముకి వస్తుంది.

ముందు ఆగేవాడు లేక మర్నాడు అందరూ మళ్ళీ కన్నాల్లోకి దిగారు. పన్నెండో రోజు పదిన్నరకు సైరన్ మోగింది. ఈసారి బాంబులు దగ్గరగానే పడ్డాయి, పడమటి వైపు నల్లగా పొగ లేచింది. పైనున్నవాళ్ళందరూ కాంటీన్ కింది నేలమాళిగలోకి దూరారు. మూల బల్ల మీద కంప్యూటర్. దాని ముందు జనార్దనరావు, పక్కన ఆ రోజు ఏదో సరిచేయడానికి వచ్చి ఇరుక్కుపోయిన ప్రణవి. తెర మీద సున్నా పడింది. జనార్దనరావు ఫోన్ తీసి లోపల ఎవరూ లేరు, మూతలు బిగించుకోండని చెప్పాడు. పైన కరెంటు పోయిన చప్పుడు వినబడింది, గాలిమరలన్నీ ఒక్కసారే ఆగాయి.

దానయ్య జనంలోకి చూశాడు. రమణ లేడు. సింహాద్రి లేడు. రఫీక్ కోసం బంగ్లా వాళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. నాలుగో నంబరు ట్యాంకు ముఠా పదకొండు మందిలో ఒక్కడూ లేడు. వెల్డింగ్ మోతలో వాళ్ళకు సైరన్ వినబడి ఉండదు, సుత్తి కొట్టి చెప్పడానికి పైన కాపలా లేదు. జనార్దనరావు దగ్గరికి తోసుకుంటూ వెళ్ళి చెప్పాడు. ఆయన తెర చూపించాడు, సున్నా ఉంది కదయ్యా, వేరే షెల్టర్‌కి పోయి ఉంటారు, కూర్చో అన్నాడు. తలుపు దగ్గర గార్డులు ఇనుప గడియ వేసేశారు. జనం కూడా మెత్తబడ్డారు. పై నుంచి బాంబుల మోత. కంప్యూటర్ చెప్తోంది కదా, నిజమేనేమో, అక్కడే ఎక్కడో ఉంటారని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. బయటికి పోవడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి.

గాలి ఆగి నాలుగు నిమిషాలు అప్పుడే పోయాయి. దానయ్య బెంచీ ఎక్కాడు.

"ఆ సున్నా అబద్దం. దానికది నేర్పినోణ్ణి నానే," అన్నాడు. జనం తలలెత్తారు. "మొన్నటి యుద్ధంలో సెక్క ఖాళీ అవనేదు. నానే ఖాళీ సేసినాను. అయిదు బిళ్ళలూ జేబులో ఎట్టుకుని పారిపోనాను. మనుసుల్ని వొగ్గీసి బిళ్ళల్ని కాపాడినాను. మా బాలు బిళ్ళ కూడా అందులో ఉంది. ఖాళీ సెక్క సూసి మూత ఎట్టీసినారు. ఇప్పుడూ అదే సేస్తన్నారు. రమణోళ్ళు లోపలున్నారు."

ఎవరో ఏడ్చారు. ముందు వరసలోంచి ఒక మనిషి వచ్చి దానయ్య చెంప మీద ఫెడీమని కొట్టాడు. కొట్టి, గిర్రున తిరిగి తలుపు వైపు నడిచాడు. అతని వెనక ఇంకో పది మంది. తమిళ మేస్త్రీకి ఎవరో ముక్కలు ముక్కలుగా చెప్పారు, అతను తనవాళ్ళను లేపాడు. ప్రణవి ఆ పాటికే ఏవో మీటలు నొక్కి, సిస్టమ్ సున్నా రాసుకోకముందున్న లెక్క తీసి చూసింది. తెర మీద పదకొండు పేర్లున్నాయి. దిగినట్టుంది, ఎక్కినట్టు లేదు. "ఉన్నారు సార్, లోపలే ఉన్నారు," అంది. జనార్దనరావు తెర ఆపమన్నాడు, ఆమె ఆపలేదు. గార్డులు ఎంతమందిని ఆపగలరు? గడియ విరిగింది.

బాంబుల కింద రెండొందల మంది ఓడ ఎక్కారు. మూతకు ఎనిమిది బోల్టులు. స్పానర్లు లేవు, గొట్టాలతో, సుత్తులతో, చేతులతో తీశారు. మూత లేచాక లోపలి వేడి మొహాలకు కొట్టింది. మొదట దిగింది దానయ్యే, ఎవరూ దిగమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఒకరి వెనక ఒకరుగా దిగి, నడుముకు తాళ్ళు కట్టి పైకి చేదారు. తొమ్మిది మంది ఊపిరితో వచ్చారు. సింహాద్రి, రఫీక్ రాలేదు. వాళ్ళిద్దరూ మెట్ల కింద, కన్నానికి దగ్గర్లోనే ఉన్నారు, మూతను గుద్ది గుద్ది గుప్పిళ్ళు పగిలాయి. యుద్ధం చంపలేదు వాళ్ళను. మూత చంపింది.

మర్నాడు బస్సులు దిగినవాళ్ళు డాక్‌లోకి నడిచి, ఓడ ముందు కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ కార్డు గీకలేదు. అడిగింది రెండే మాటలు. కన్నానికో మనిషి, ఆ మనిషికో చెక్క. అది ఇచ్చేదాకా ఒక్క పాదమూ లోపల పెట్టేది లేదన్నారు. పక్క డాక్‌లనుంచి కబురు తెలుసుకోవడానికి మనుషులు వచ్చి చూసి పోతున్నారు. సాయంత్రానికి నీళ్ళలోకి దిగాల్సిన యుద్ధనౌక రంగులేని కడుపుతో అలాగే దిమ్మల మీద నిలబడి ఉంది.

జనార్దనరావు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గొంతు పెంచకుండా మాట్లాడాడు, అదే ఆయన తెలివి. నిన్న మీరే విన్నారు కదా, అయిదుగుర్ని చంపింది ఈ దానయ్య, వీడే చెప్పాడు. ఇలాంటివాడి మాట పట్టుకుని మీ పొట్టలు మీరే కొట్టుకుంటారా? నిన్నటి ఇద్దరూ కార్డు గీకకుండా దిగారు, అది వాళ్ళ తప్పు. లేచి పనిలోకి పొండి, వీడి సంగతి చట్టం చూసుకుంటుంది. చెప్పి, జనం మీద చూపు తిప్పాడు. కొందరు తలలు దించుకున్నారు. మాట గురి చూసి కొట్టినట్టే తగిలింది. దానయ్యకు నేల చీలితే బాగుండుననిపించింది.

రమణ లేచాడు. నిన్నట్నుంచీ దానయ్యతో మాట్లాడలేదు, అతని వైపు చూడను కూడా లేదు. గొంతు పొగకు పూడుకుపోయింది.

"బాలుని సంపింది మా బావే. అది మేవూ మేవూ తేల్సుకుంటాం, నీకెందుకు? సింహాద్రి తాతని సంపిందెవులో సెప్పు. రఫీక్‌ని సంపిందెవులో సెప్పు."

కార్డు గీకలేదు అన్నాడు జనార్దనరావు మళ్ళీ. అప్పుడు గేటు దగ్గరనుంచి ప్రణవి వచ్చింది. ఆ పొద్దున ఆమెను పిలిచి ఆ పదకొండు పేర్లూ చెరిపేయమన్నారట. ఆమె కాగితం మీద అచ్చు తీసుకుని వచ్చింది. జనం మధ్య నిలబడి, పేరు, దిగిన టైము, పేరు, దిగిన టైము, చదువుకుంటూ పోయింది. సింహాద్రి, తొమ్మిదీ ఇరవై. రఫీక్, తొమ్మిదీ ఇరవై ఒకటి. చదవడం అయ్యాక పోలీసు కాగితం లాక్కున్నాడు. అప్పటికే రెండొందల మంది విన్నారు.

తనను తీసుకుపోవడానికి పోలీసులు వచ్చినప్పుడు దానయ్య తనే లేచి చేతులు చాచాడు. తను చేసింది రాసుకోండి అన్నాడు, కానీ ఆ పక్కనే ఇంకోటి కూడా రాయండి, ఒక పిరికోడి తప్పు చూసి దాన్నే రూలు చేసుకున్నారని రాయండి అన్నాడు. వాళ్ళకు తెలుగు రాదు. ఈరమ్మకు ఎవరైనా కబురు చెప్పండిరా, నా నోటితో చెప్పే అదృష్టం లేదు, ఫోన్లు కూడా పోయాయి అని మనవాళ్ళను అడిగాడు.

ఇనుప జాలీ ఉన్న వ్యాన్ ఎక్కించి తాళం వేశారు. డాక్ గేటు దాటి వంద గజాలు పోయిందో లేదో ఆగిపోయింది. రోడ్డు నిండా మనుషులు కూర్చుని ఉన్నారు. పక్క డాక్ వాళ్ళు, ఆ పక్క డాక్ వాళ్ళు, తమిళులు, బంగ్లా వాళ్ళు, చైనా వాళ్ళు, మనవాళ్ళు. పోలీసులు దిగి అరిచారు, ఇద్దర్ని ఈడ్చారు, ఆ ఖాళీలో ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వెనకనుంచి ఓడ ముందున్నవాళ్ళు కూడా గేటు దాటి వచ్చేశారు.

సైరన్ మోగింది.

పోలీసులు ఒకరినొకరు చూసుకున్నారు. డ్రైవర్ తాళాలు జేబులో వేసుకుని దిగి పరిగెత్తాడు, అతని వెనకే అందరూ రోడ్డు పక్క షెల్టర్‌లోకి పోయారు. వ్యాన్‌లో దానయ్య ఒక్కడే మిగిలాడు. పడమటి వైపు మొదటి బాంబు పడింది, నేల అదిరింది. జాలీలోంచి చూస్తే రోడ్డు మీద జనం లేవడం కనిపించింది. లేచారు, పోతారు, పోవాలి కూడా అనుకున్నాడు. జాలీకి నోరు ఆనించి, పొండిరా, పారిపొండి, నాకోసం ఆగొద్దని అరిచాడు.

వాళ్ళు వ్యాన్ దగ్గరికి వచ్చారు. చుట్టూ చేరి, తాళం ఊడదీయడానికి గొట్టం కోసం ఒకణ్ణి పంపి, వాడు వచ్చేదాకా అక్కడే రోడ్డు మీద కూర్చున్నారు. రమణ వచ్చి జాలీకి వీపు ఆనించి కూర్చున్నాడు. దానయ్య మళ్ళీ అరిచాడు, పోరా, నీకు దండం పెడతాను, నువ్వైనా పో.

"నిన్ను నాను క్షమించనేదు బావా," అన్నాడు రమణ, వెనక్కి తిరక్కుండా. "నోర్మూసుకుని కూకో."

రెండో బాంబు ఇంకా దగ్గర్లో పడింది. ఎవరూ లేవలేదు.